వేళ్ల దబ్బకాయ

మల్ల లోపలికి సొంతోళ్లనే ఇడుస్తం అంటవేంది సిస్టర్? సొంతోళ్లు ఎవరున్నరు చెప్పు ఇప్పుడు. ఆ ముసలాయన కొడుకు ఫహద్ పొద్దున అద్దంలకెల్లి చూసి పోయిండట. నేను ఇబ్రి నుంచి ఈ దవాఖానకు కూరగాయల బండెక్కి వచ్చిన. గేటు కాడ సెక్యూరిటీకి ఎంత చెప్పినా అర్థం కాలే. నీ బిళ్ల మీద రాబియా అని చూసిన, కడపదాన్నంటివి, తెలుగు వచ్చంటివి. అందుకే నిన్ను పట్టుకున్న.

నా పేరు పెద్దులు. లోపల పండుకున్న ముసలాయనను మేం బాబా అంటం. ఆయన తోటల ఉంట. మాలి కాదు, బొమ్మలేస్త. నవ్వకు, నిజమే.

మాది నిర్మల్. చెక్క పలకల మీద పూలు, పిట్టలు గీసేటోన్ని. బిల్డింగులకు రంగులేసే వీసా మీద ఈ అరబ్బు దేశానికొచ్చిన. బాబా ఇంట్ల పనిచేస్కుంట తలుపు మీద ఊరికె ఒక తీగె గీసిన. ఆయన చూసిండు. కంపెనీకి చెప్పి తోటకు తోల్కపోయిండు.

తోట అంటే ఏమనుకున్నవ్? అన్నీ నిమ్మజాతియే. నారింజ, బత్తాయి, దబ్బ, పంపర పనస. ఏ దేశంల కొత్తరకం ఉన్నదని తెలిసినా తెప్పిచ్చి నాటేటోడు. ఆయన కాడ ఒక పాత పుస్తకం ఉంటది. మూడొందల ఏండ్ల కింద యూరపోళ్లు అచ్చేసిన పండ్ల బొమ్మలు. ఆకాశంల పండు ఏలాడుతుంటది, ఇంత పెద్దగ. దాని చుట్టు రిబ్బను, రిబ్బను మీద పండు పేరు. కింద చిన్నగ ఒక ఊరు, మేడలు. మనుషులైతే చీమల్లెక్క.

'చలి దేశపోళ్లు ఈ చెట్లకు అద్దాల ఇండ్లు కట్టిచ్చిండ్రు పెద్దులూ. మన దిక్కు నుంచి పోయినయే గద. నా తోటను గూడ అట్లనే గియ్యి' అన్నడు. గీసిన. నారింజ కింద ఇబ్రి కోట. బత్తాయి కింద మేకల సంత. పంపర పనస కింద ఏమెయ్యాలె బాబా అంటే, 'నీ ఊరెయ్యి' అన్నడు. ఏ మాలిక్ అంటడు సిస్టర్ అట్ల?

ఆ పుస్తకంల ఒక కాయున్నది, అచ్చం మనిషి చెయ్యి లెక్క. వేళ్లున్న దబ్బకాయ. దానికోసం ఎన్ని ఊర్లు తిరిగిండో. దొరికింది, నాటిండు, ఈ యేడే మొదటి కాపు. ఒక్కటే కాయ నిలిచింది. రోజూ కుర్చేసుకొని దాని ముందట కూసునేటోడు. 'పసుపు తిరగనియ్యి. ఇద్దరం కల్సి కోద్దాం, అప్పుడు గియ్యి' అన్నడు. ఆ కుర్చీలనే ఒరిగిపోయిండు.

కుడి చెయ్యి లేస్తలేదు, చూపు గూడ పోయిందంటివి. మల్ల రాదా?

సరే.

ఆయనిట్ల పడంగనే ఫహద్ తోటలకు చెట్లు పీకే మిషన్ తెచ్చిండు. నిమ్మచెట్లకు తెగులొచ్చింది, కొమ్మలు చీపుర్ల లెక్క గుత్తులై ఎండుతున్నయ్. అవ్వి తీసేసుడే, కాదనను. బాగున్నయి గూడ పీకిచ్చిండు. ఆ జాగల గోడౌన్లు కడ్తడట. కాళ్ల మీద పడ్డ. 'మా నాయన ఇగ వాపసు రాడు పెద్దులూ, ఎవరికోసం ఇదంత?' అన్నడు. కండ్లల్ల నీళ్లు పెట్టుకొనే అన్నడు.

మిషన్ ఆ చెట్టు కాడికొచ్చెటాల్లకు ఉరికి పొయ్యి కాయ తెంపిన. పచ్చిదే. తెంపకపోతే మట్టిల కలిసేది.

ఇగో, తువ్వాలల చుట్టుకొచ్చిన. నన్ను పోనియ్యకున్నా సరే. ఇదొక్కటి లోపలికి తీస్కపో. బొమ్మలు గూడ తెచ్చిన గానీ అవేం జేసుకుంటడు ఇగ. చేతిల పెట్టి, వాసన చూపియ్యి. గోటితోని తొక్క ఇట్ల గీకు, చాలు. కంపెనీవోళ్లు నన్ను సాయంత్రం బస్సుకు రైసూత్ అని మస్తు దూరం పంపుతున్నరు, ఫ్యాక్టరీ గోడలకు రంగులెయ్య. ఇగ మల్ల రాలేను. నీ కాళ్లు మొక్కుత బిడ్డా.

కడిగి ఇస్తవా? కడుగు. సబ్బు పెట్టకు.

*

వచ్చినవా. చూసిండా?

అదే, వాసన.

పట్టుకున్నడా? ఏ చేత్తోని? కుడి చెయ్యి లేస్తలేదంటివి గద. ఎడమ చేత్తోనా, మంచిది. ఒక్కొక్క వేలు తడిమిండా. తడుముతడు. ఏ కాయనైనా అట్లనే పట్టుకుంటడు.

మాట్లాడిండా? మల్ల చెప్పవేంది, ఏమన్నడు?

'పచ్చిది, ఎవడు తెంపిండు' అన్నడా.

కోపంగనా?

నువ్వేం చెప్పినవ్? తోట సంగతి చెప్పలే గద? మిషన్ అని గూడ అనలే గద? ఒట్టేనా?

ఇంకా అదే అడుగుతున్నడా. అడుగుతడు, ఇడ్సిపెట్టడు.

పో బిడ్డా, పొయ్యి చెప్పు. పెద్దులు తెంపిండని చెప్పు. మీరు దవాఖానల పడంగనే వానికి ఓపిక లేకపాయె, బొమ్మ కోసం ఆశపడ్డడు, పసుపు తిరిగెదాక ఆగలేదని చెప్పు. చెట్టు మంచిగున్నది, వచ్చే యేడు మల్ల కాస్తదని చెప్పు. నీకు అరబ్బీ వచ్చు గద, మంచిగ చెప్పు.

తిడ్తడు. నువ్వు అడ్డం రాకు.

'వాన్ని మల్ల నా తోటల అడుగు పెట్టనియ్యకుండ్రి' అంటడు కావచ్చు. 'సరే బాబా' అను.