తమ్ముడి స్వభావం, అన్న చేతిరాత

హలో… ఆ, నేనేరా, అన్నయ్యని. … ఏ అన్నయ్య ఏమిటి? ఎంతమందిమి ఉన్నాం నీకు? పదకొండు నిమిషాలు ముందు పుట్టినవాణ్ణి. గోడకి ఇవతలున్నవాణ్ణి.

— ఆగాగు, పెట్టెయ్యకు! … వినిపిస్తోంది. ఫోన్లోంచీ వినిపిస్తోంది, గోడలోంచీ వినిపిస్తోంది. ఒక్కో తిట్టూ రెండేసి సార్లు తగులుతోంది. … పిలిస్తే సరిపోయేదా? మనం మాట్లాడుకోవడం లేదుగా మూడేళ్ళుగా! అందుకే ఫోను చేశాను.

— విను. నాలుగింటికి సైకాలజిస్టు ఫోన్ చేస్తుంది. నీకూ, నాకూ. … ఆ, ఆవిడే. కవలల పరిశోధన. మన పదో ఏట అమ్మ పేర్లు రాయించింది చూడు… పుట్టుకతో వచ్చిన స్వభావమెంత, పెరుగుతూ తెచ్చుకున్నదెంత అని అయిదేళ్ళకోసారి ఫారాలు పంపిస్తారు. … అదే.

— ఏమైందంటే… ఈసారి రెండు ఫారాలూ నా గుమ్మంలోనే పడ్డాయి. నాది నేను నింపాను. నీది… నీదీ నేనే నింపాను.

— అరవకు! నా వైపు కస్టమరు కూర్చుని ఉన్నాడు, ఫొటోకి ఫ్రేము కట్టించుకోడానికొచ్చి మన బాగోతం వింటున్నాడు.

— నువ్వు నింపవని! నా పేరు పక్కన నీ పేరుంటే ఏ కాగితం మీదా సంతకం పెట్టనని కొట్టు మెట్లమీద నిలబడి శపథం చెయ్యలేదూ? … ఒకడు మానేస్తే ఇద్దర్నీ జాబితాలోంచి కొట్టేస్తారురా. సగం జతతో వాళ్ళకేం పని? మనిద్దరం ఇంకా కలిసున్న చోటు ఆ జాబితా ఒక్కటే… అదీ పోతే?

— అందుకని, నేను రాసింది బట్టీ పట్టు. ఆవిడ మళ్ళీ అవే అడుగుతుంది. పటానికి నాలుగు పక్కలు చాలు, మనిషి స్వభావం కొలవడానికి అయిదు కావాలట వాళ్ళకి. మొదటిది కలుపుగోలుతనం. నీకు అయిదుకి ఒకటి. … నేను వేశాను కాబట్టి! 'తప్పు నాదైతే ఒప్పుకుంటాను' — శుద్ధ అబద్ధం. 'కొత్తదనం నాకిష్టం' — అదీ అబద్ధమే, ముప్ఫై ఏళ్ళుగా ఒకటే సుత్తి… మార్చావా? ఎప్పుడు? … ఓహో, అందుకా చప్పుడు తేడాగా వస్తోంది! పోనీ, నాలుగింటిదాకా పాతదే వాడు.

— 'చిన్న విషయానికి ఏళ్ళ తరబడి అలుగుతాను' — పూర్తిగా నిజం. … అమ్మ ఫొటోకి నల్ల ఫ్రేమా, బంగారు రంగు ఫ్రేమా అన్నది చిన్న విషయం కాదూ? … అలగలేదా? మరి కొట్టు మధ్యన ఈ ప్లైవుడ్డు గోడ ఎవరు పెట్టారు? … నేనే పెట్టాననుకో. నువ్వు అలిగావని పెట్టాను!

— ఎందుకే నవ్వుతావు? … నిన్ను కాదు, మీ వదినని. … నీ గురించి నేను రాసింది వింటుంటే అడుగడుగునా నేనే కనిపిస్తున్నానట. … గోడకి అటొకరు, ఇటొకరు! ఒక్కసారే నవ్వకండి!

— ఏమన్నావ్? వాళ్ళ దగ్గర మనవి నాలుగు ఫారాలున్నాయా? … ఆవిడ నీకు పొద్దున్నే చెప్పిందా? తెలిసీ ఇంతసేపూ తెలియనట్టు విన్నావా? … నేను పంపింది రెండే. … నిజమే, నెల్లాళ్ళు సొరుగులో ఉంచేసి పంపాను. జవాబు రాలేదని మీ ఇంటికి ఇంకో రెండు పంపారా? రెండూ నువ్వే…? నాది కూడా? నా సంతకంతో సహా? ఎంత ధైర్యంరా! ఒక మనిషి స్వభావాన్ని, ఆ మనిషినే అడక్కుండా — … సరే. సరేలే. నేనూ చేసిందదే.

— నేను నింపననుకున్నావా? … ఇద్దర్నీ కొట్టేస్తారనా? … ఊఁ.

— ఏం రాశావు మరి? ఉతికి ఆరేసే ఉంటావు. … చదువు, పరవాలేదు. … 'తప్పు నాదైతే ఒప్పుకుంటాను' — పూర్తిగా నిజమా? నేనా! … 'నా వాటా కంటే ముందు ఎదుటివాడి వాటా చూస్తాను' — అదీ నిజమేనా? ఎప్పుడు చూశాన్రా? … గోడ పెట్టినప్పుడు ఉన్న ఒక్క కిటికీ నీ వైపు వదిలేశానా?

— ఒరేయ్… అది కొలత తప్పు. టేపు తిరగేసి పట్టుకున్నాను. గోడ లేచాక చూసుకుంటే కిటికీ నీ వైపుంది. మూడు రోజులు అన్నం సహించలేదు నాకు.

— మూడేళ్ళూ ఆ కిటికీ దగ్గర కూర్చుని… నేను కావాలనే వదిలానని అనుకుంటూ ఉన్నావా?

— ఉన్నాను, ఉన్నాను. లైన్లోనే ఉన్నాను. … ఏం లేదు, కస్టమర్ని రేపు రమ్మని పంపేశాను.

— ఇప్పుడెలాగరా? నేను రాసినంత చెడ్డవాడివి నువ్వు కాదు… ఒప్పుకుంటున్నాను. … ఒకసారి ఒప్పుకున్నాగా, మళ్ళీ అనను! కానీ నువ్వు రాసిన ఆ పెద్దమనిషిని ఈ రెండు నిమిషాల్లో ఎక్కణ్ణుంచి పట్టుకురాను? … ఉన్నవాడు చాలంటావా? ఎవరికి చాలు? … నీకు చాలితే ఆవిడకి చాలద్దూ?

— అదుగో, ఇంకో ఫోనొస్తోంది. ఆవిడే. … ఇటొస్తావా? చెప్పులు తర్వాత వేసుకుందువుగాని, ముందు బయల్దేరు! … పెట్టేస్తున్నా.

నమస్కారమండీ… ఆ, తీరిగ్గానే ఉన్నాను, అడగండి. … నేను ఎలాంటివాణ్ణా? … ఒక్క నిమిషం ఫోను బల్లమీద పెడతాను, ఏమీ అనుకోకండి. మా తమ్ముడొస్తున్నాడు. వాడు చెబుతాడు.