మేనమామ ఒడి

ఎల్లారెడ్డిలో మేడ మీది గది. తమ్ముడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తాడ్వాయి నుంచి వచ్చిన అక్క గడపలోనే నిలబడింది.

“రేపు నా కొడుకు పుట్టెంటికలు. మేనమామ ఒడిల కూసోపెట్టే తీయాలె. వస్తవా, రావా?”

“రాలేనక్కా. బ్యాంకు లెక్కలన్ని నడిపే పెద్ద కంప్యూటర్‌కు, మెయిన్‌ఫ్రేమ్‌కు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నరు. పాత ప్రోగ్రాములు దాని మీద నడుస్తయో లేదో ముందుగాల నేను చూడాలె.”

“ఇంకెవరన్న చూడరాదా?”

“ఆ పాతయి తెల్సినోళ్లంత రిటైరయిన్రు. నేనొక్కన్నే మిగిలిన.”

“కొత్తది ఎక్కినంక నిన్ను ఇడిచిపెడ్తరా?”

“దాని తర్వాత ఇంకోటి వస్తదక్కా. మళ్ల గిదే పని.”

“అయితే మంగలాయనను ఈడికే తోల్కొస్త. ఆ కుర్చీల, నీ ఒడిల్నే తీయిస్త.”

“కంప్యూటర్ల ఆఫీసోళ్లతోని మీటింగ్ నడుస్తుంటది. పిల్లగాడు ఏడుస్తె అందరికి ఇనపడ్తది.”

“ఇననియ్యి. గీ గదిల ఓ మేనమామ ఉన్నడని వాళ్లకు గూడ తెల్వనియ్యి.”