సుశీలమ్మ సిస్టర్ అడిగిన మాట

ఏంది మానసా, నర్సింగుల చేరినవంట గదా? మీ అమ్మ చెప్పింది. కూసో బిడ్డా. నర్సు అంటే నాకు సుశీలమ్మ సిస్టరే యాదికొస్తది. ఆమె పోయి గూడ ఐదేండ్లాయె. గిది తెలంగాణ వచ్చేటానికి పదేండ్ల ముందటి ముచ్చట. మన నాచారంల మల్లాపూర్ దిక్కు పోయే రోడ్డు మీద పది మంచాల దవాఖాన ఉండె, ఇప్పుడాడ సోఫాలు అమ్ముతున్నరు సూడు, గదే. అండ్ల జేస్తుండె. మనిషి మంచిదే గని మాట మస్తు కారం. జరం తగ్గంగనే గోలీలు బంద్ జేసినోల్లని గేటు కాడనే తిట్టేది, "ఐదు దినాలంటే ఐదు దినాలే! మల్ల తిరగబెడితే గీ మందు పనిజెయ్యదు" అని. బస్తీ డాక్టర్ కాడికి పోయొచ్చినమంటే ఇంక అయిపాయె, అందరి ముంగట ఇజ్జత్ తీసేది. మా ఫ్యాక్టరీల సూపర్‌వైజర్ గంగాధరరావుకు గూడ గంత భయపడలే నేను. వాడొక... సర్లే, వాని సంగతెందుకిప్పుడు.

మా ఇంటామె సక్కుబాయిని నువ్వు సూడలే. కాలుకు దెబ్బ తాకి చీము పట్టింది. ముందుగాల పాండురంగ కాడికే తీస్కపోయిన, బస్తీల ఆర్‌ఎంపీ. గోలీలిచ్చిండు. రెండు మింగిందో లేదో ఒళ్లంత దద్దుర్లు, పెదాలు ఉబ్బినయి. బంద్ జేసినం, తగ్గింది. వారానికి మల్ల జరం, అప్పుడు సుశీలమ్మ కాడికి పోయినం. సూది చేతుల వట్టుకొని అడిగింది, "అన్నా, ఈమెకు ఏ మందన్న పడలేదా ఎప్పుడన్న? దద్దుర్లు గిట్ల లేసినయా?" లేదన్న. మల్ల అడిగింది. "పెన్సిలిన్ అంటే ఒక్క మందు కాదు, దానికి సుట్టాలుంటయి, పేర్లు వేరే. ఒకటి పడకుంటే ఇంకోటి గూడ పడకపోవచ్చు. జర యాద్ జేసుకో." సక్కుబాయి నా మొఖం సూసింది. నేను కండ్లతోనే వద్దన్న. ఎందుకంటే ఏం జెప్పాలె బిడ్డా, పాండురంగ ముచ్చట తెలిస్తే తిడ్తదని. గంతే. గాయన ఇచ్చింది గోలీ, గిది సూది, వేరే మందే గదా అనుకున్న.

చేతి మీద జరంత టెస్టు సూది ఏసి, ఇరవై నిమిషాలు పక్కనే నిలవడ్డది. ఏం రాలే. అప్పుడు అసలుది ఎక్కిచ్చింది. ఐదు నిమిషాలు గాలే, సక్కుబాయికి ఊపిరాడలే. సుశీలమ్మ ఉరికింది, ఇంకో సూది ఏసింది, డాక్టర్ని పిల్సుకొచ్చింది, ఛాతి మీద ఒత్తింది. ఏం జేసినా నిలవలే. పోయింది. మా బామ్మర్ది బిక్షపతి నలుగుర్ని తోల్కొచ్చి అద్దాలు పలగ్గొట్టిండు. "బావా, మందు పడతదా లేదా అని అడిగిందా నిన్ను?" అన్నడు. అందరు నన్నే సూస్తున్నరు. అడగలే అన్న. సుశీలమ్మ ఆడనే ఉన్నది, నన్ను సూసింది. నన్ను అడిగినట్టు కాయితం మీద రాసుకోలే పాపం. నౌకరి తీసేసిన్రు.

మూడేండ్లకు ఉప్పల్ బస్టాపుల కనవడ్డది. సగమైంది మనిషి. ఎవరింట్లనో ముసలామెను సూసుకుంటున్ననన్నది, సూది ముట్టుకుంటలేదంట. తిడ్తదనుకున్న, తిట్టినా మంచిగుండేది. మెల్లగ అన్నది, "అన్నా, ఆ దినం నేను నిన్ను అడిగిన్నా? అడిగిన్ననే అనుకున్న. గిన్నేండ్లు ఆలోచించి ఆలోచించి నామీద నాకే నమ్మకం పోయింది. నువ్వు చెప్పు."

"ఏమో సిస్టర్, నాకు గూడ యాదికి లేదు" అన్న. బస్సొచ్చింది, ఎక్కిన.

...

కరెంటొచ్చినట్టుంది. జర గా మోటర్ ఎయ్యి బిడ్డా.