గట్టు మీద కేక

ఐర్లండ్‌లోని కానెమారా తీరంలో అది ఐరిష్ భాష నేర్పే వేసవి బడి. అక్కడ ఇంగ్లిష్ ముక్క నోట్లోంచి వచ్చిందా, అదే రోజు బస్సెక్కించి ఇంటికి పంపేస్తారు. పన్నెండేళ్ల పిల్ల హెడ్మాస్టరు ముందు నిలబడింది. ఆమె బూట్లలోంచి సముద్రపు నీళ్లింకా కారుతున్నాయి.

"ఇంగ్లిష్‌లో అరిచావట, నిజమేనా?"

"అవును మాస్టారూ. మా క్లాసు గ్రాన్య గట్టు మీంచి సముద్రంలో పడిపోయింది. తాడు విసిరి, పట్టుకోమని అరిచాను."

"ఆ మాట ఐరిష్‌లో రాదా నీకు?"

"నాకొచ్చండీ. తనకే అర్థం కాదు. వచ్చి పదిరోజులైనా ఒక్క ముక్క అంటుకోలేదు."

"అర్థమయ్యేదాకా అరవాల్సింది. ప్రాణం మీదికొస్తే భాష అదే వస్తుంది."

"ఈలోపు మునిగిపోయేది మాస్టారూ!"

"మునగలేదుగా. వెళ్లి పెట్టె సర్దుకో. మూడింటికి బస్సు."

పిల్ల కదల్లేదు.

"గట్టు మీద మేమిద్దరమే ఉన్నాం. మీకెవరు చెప్పారు?"

హెడ్మాస్టరు అప్పుడు మొదటిసారి నవ్వాడు.

"గ్రాన్యే. దుప్పటి కప్పుకుని, వణుకుతూనే వచ్చి చెప్పింది. అదీ ఐరిష్‌లో, ఒక్క తప్పు లేకుండా! ఈ ఏటి బహుమతి తనకే. భోజనాలప్పుడు ఇస్తాం. చప్పట్లు కొట్టి మరీ బస్సెక్కు."