శాలువల పళ్లెం

దేవరకొండకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాల. పూర్వ క్రీడాకారులకు సన్మాన సభ. వేదిక వెనుక ప్రధానోపాధ్యాయుడు రఘుపతి, పదవీ విరమణ చేసిన వ్యాయామ ఉపాధ్యాయిని బాలనర్సమ్మ.

"ఎవరికి అన్యాయం జరిగింది, ఎట్ల జరిగింది? ముందు ఆ రెండు ముక్కలు చెప్పు రఘుపతీ. శాలువలు తర్వాత కప్పుదాం."

"ఇప్పుడా మేడం? జనం కూసున్నరు, ఎమ్మార్వో సారు గూడ..."

"ఎవరికి?"

"ఎవరికంటే... మీకు తెల్వదా?"

"నీ నోటితో వినాలె."

"యాదలక్ష్మికి. సరేనా?"

"ఎట్ల?"

"పదేండ్ల కిందటి ముచ్చట. మహబూబ్‌నగర్ పోటీలల్ల ఎనిమిది వందల మీటర్లు ఉరికింది యాదలక్ష్మి. కాగితంల పేరు హరితది. నేనప్పుడు ఈ బళ్లె లేను మేడం, నన్నడిగితే ఏం లాభం?"

"ఛాతీ మీద నంబరు హరితది, కాళ్లు యాదలక్ష్మివి. ఆ కాగితంతో హరిత క్రీడా కోటాలో కొలువు తెచ్చుకున్నది. మరి యాదలక్ష్మి?"

"మన బళ్లెనే వంట చేస్తది. మంచిగనే ఉన్నది."

"మంచిగనే! ఇవాళ ఏం పని చెప్పినవ్ ఆమెకు?"

"శాలువల పళ్లెం పట్టుకొని నిలవడుమన్న."

"హరిత భుజం మీద పడే శాలువ ఆమె చేతిలో! నీ తెలివికి వేరే సన్మానం పెట్టాలె."

"తిట్టకుండ్రి మేడం. షామియానా, శాలువలు, భోజనాలు, అన్నీ హరిత నాయిన రాంచందర్ సారు పెట్టుకున్నడు. జర అర్థం చేసుకోండ్రి."

"అర్థమైంది. నీ జాబితా గూడ చూసిన. ఎస్సై ఉన్నడు, బ్యాంకు మేనేజరు ఉన్నడు. కబడ్డీలో జిల్లా మొత్తాన్ని వణికించిన గాలయ్య ఏడి?"

"గాలయ్య... మార్కెట్ల హమాలీ మేడం."

"అంటే సన్మానం ఆటకు కాదు, కుర్చీకి."

"మెల్లగ, మెల్లగ! మైకు ఈడనే ఉన్నది. గిది బయటపడితే హరిత కొలువు పోతది."

"పోవాలె."

"ఫారం మీద దొంగ పేరు రాసినోళ్లుంటరు గదా, వాళ్ల పింఛను గూడ ఆగుతది."

"ఆగాలె."

"గంత కఠినమా? ఎవరో ఏమో, భయపడి రాసిండ్రేమో."

"భయపడే రాసిండ్రు. భయపడితే తప్పు మాఫీ అయితదా?"

"సారూ, పళ్లెం ఏ దిక్కు పట్టుకోవాలె? అయ్యో, టీచరమ్మా! మీరొచ్చిండ్రా?"

"వచ్చిన యాదలక్ష్మీ. ఆ రోజు గీత బయట నిలబడి నేనేమని అరిచిన?"

"గిప్పుడెందుకమ్మా గదంతా..."

"చెప్పు."

"'హరితా, ఉరుకు! హరితా, ఉరుకు!' అని."

"నీకెట్లుండె?"

"ఆఖరి మలుపుల... నన్ను కాదేమో అనుకొని ఒకపారి ఎనుకకు చూసిన."

"అయినా గెలిచినవ్."

"గెల్చిన."

"రఘుపతీ, మైకు ఇటియ్యి."

"వద్దు మేడం. మేడం, వద్దు, వద్దు, నా మాటినుండ్రి..."

"సభకు నమస్కారం. ఎనిమిది వందల మీటర్ల పరుగు, మొదటి స్థానం: యాదలక్ష్మి. ఆనాడు ఆమె పేరు ఉండవలసిన చోట, రాంచందర్ గారికి భయపడి, హరిత పేరు రాసిన చెయ్యి నాది. ఆ మాట రాసి, సంతకం పెట్టి, ఈ ఉదయమే విద్యాధికారి గారికి ఇచ్చి వచ్చాను. యాదలక్ష్మీ, ఆ పళ్లెం కింద పెట్టి పైకి రా. ఈసారి వెనుకకు చూడకు బిడ్డా, పిలిచింది నిన్నే."