టేపు మావయ్య పరిపించిన కార్పెట్

లైబ్రరీ ఎదురుగా ఉన్న టీ కొట్లో టేపు మావయ్య గ్లాసు అందుకున్నాడంటే ఆ పూట ఎవరి పనీ సాగదు. లైబ్రరీకి సామాన్లు కొనిపెట్టేది ఆయనే. జేబులో కొలతల టేపు లేనిదే గడప దాటడు. ఆ సాయంత్రం బెంచీ చివర కూర్చున్న, లైబ్రరీలో ఊడ్చే అక్కకి మాత్రం ఆయన కోతలతో పెద్ద పనే పడింది.

కొత్త కార్పెట్ వేసి నెల తిరక్కుండానే చదువుకునే గదిలో సగం మాసిపోయిందని, అక్క సగమే శుభ్రం చేస్తోందని మావయ్య ఫిర్యాదు రాశాడు. ఆమెను పనిలోంచి తీసేసే కాగితం, పక్కనే టీ తాగుతున్న లైబ్రేరియన్ మేడమ్ సంచీలో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. రుద్ది రుద్ది చేతులు పడిపోయిన అక్కకి అసలు సంగతి ఎప్పుడో తెలిసింది. కానీ చీపురు పట్టినదాని మాట ఎవరు వింటారు? మావయ్యనే మాట్లాడనిస్తే సరి అనుకుంది.

“ఆ కార్పెట్ ఎంచింది మీరేనా మావయ్యా?” అని మెల్లగా కదిపింది.

“నేను కాక ఇంకెవరు? కొట్లో రెండొందల రకాలు చూపించాడు, అరగంటలో తేల్చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొట్టువాడు నా కళ్ళకి గంతలు కట్టి పరీక్ష పెట్టాడు. చెంప ఆనించి ఏది ఉన్ని, ఏది నైలాన్ అన్నది గడగడా చెప్పేశాను. వాడు లేచి తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు.”

“అంతేనా?” అన్నాడు టీ కొట్టాయన పాలు తిరగబోస్తూ.

“అంతేనా అంటావేంటి? వాసన చూసి ఆ ఉన్ని ఏ గొర్రెదో కూడా చెప్పాను. ముసలిది, ఎడమకాలు కుంటి అన్నాను. నమ్మక మందనంతా తోలుకొచ్చారు. నాలుగు వేల గొర్రెలు. అందులోంచి ఆ కుంటిది తనంతట తనే వచ్చి నా ముందు తల వంచుకు నిలబడింది. ఇక పరిచాక ఆ మెత్తదనం సంగతి అడక్కు. ఓ పెద్దాయన నిచ్చెన మీంచి దాని మీద పడి, లేవడానికి మనసొప్పక రెండు రోజులు నిద్రపోయాడు. బీరువాలు కూడా కునికిపాట్లు పడ్డాయి.”

టీ కొట్టాయన నవ్వు కనబడకుండా పొయ్యి వైపు తిరిగాడు. అక్క మాత్రం నవ్వలేదు.

“పరిపించింది కూడా మీరేనా, లేక పనివాళ్ళు వాళ్ళ ఇష్టానికి పరిచేశారా?”

మావయ్యకి చుర్రుమంది. “వాళ్ళ మొహం. మొదటి రోల్ తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా పరిచారు. రెండోది కిటికీ దగ్గరుంటే, దాన్ని కూడా తలుపు దాకా మోసుకొచ్చి ఇటునుంచే పరుస్తామని పట్టుబట్టారు. ఎందుకయ్యా ఆ మోత, అటునుంచే పరుచుకుంటూ వచ్చేయండి అన్నాను. గంట పని మిగిలింది. ఆ గదిలో నా మాట లేకుండా బెత్తెడు కూడా పరవలేదు.”

అక్క గ్లాసు కింద పెట్టింది. 

“మీ కుంటి గొర్రెకైనా బొచ్చు ఒకే వైపు వాలి ఉంటుంది మావయ్యా, సగం అటూ సగం ఇటూ ఉండదు. రెండో రోల్ అటునుంచి పరిచేసరికి దాని బొచ్చు ఎదురు తిరిగింది, అందుకే వెలుగుకి ఒక సగం మాసినట్టు కనబడుతోంది. మేడమ్, ఒక్కసారి కిటికీ దగ్గర నిలబడి తలుపు వైపు చూడండి. మాసిన సగం తెల్లగా, తెల్లగా ఉన్న సగం మాసినట్టూ కనబడుతుంది. మురికైతే అలా అటూ ఇటూ నడవదు కదా.”

మేడమ్ టీ సగంలో వదిలేసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, సంచీలోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది. అక్కకి నెల రోజుల బరువు దిగి కళ్ళు చెమర్చాయి.

“పరిచింది పనివాళ్ళు కదా మేడమ్, నేను ఊరికే పక్కన...” అని మావయ్య నసిగాడు.

మేడమ్ ఒక తెల్లకాగితం, పెన్ను ఆయన ముందు పెట్టింది.

“ఇందాక చెప్పిందంతా రాసివ్వండి. గొర్రె సంగతి వద్దు, రెండో రోల్ దగ్గర్నుంచి చాలు.”