పిన్నీసుల డబ్బ మీది చిరునామా

"తాతా, అమ్మమ్మ పిన్నీసుల డబ్బ మీద పంజాగుట్ట డాక్టరుగారి పేరు ఎందుకుంది?"

నేను గింతే అడిగిన. చీరకు పిన్నీసు కావాల్నని బీరువ తీస్తె అమ్మమ్మ పాత రేకు డబ్బ చేతికొచ్చింది. చిన్నప్పటి సంది చూస్తున్న డబ్బనే. దాని మీది ఇంగ్లీషు చీటీ మాత్రం ఎన్నడు చదవలే. ఇయ్యాల అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిన. మా తాత రాజయ్య, ఎనభై దాటిన మెకానిక్కు, పొద్దుగాల సంది బాల్కనిల కూసొని చాయ్ సుత ముట్టలే, రేపటి ఫికర్ల ఉన్నడు. నేను అడగంగనె డబ్బ గుంజుకున్నడు. ఆయన చెప్పింది ఫోన్ల రికార్డు చేసిన. చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. మనసు ఆగక రాస్తున్న.

ఇటియ్యి. ముందుగాల ఇటియ్యి. పైలం, పిన్నీసులు కింద పోస్తవు.

కూసో మౌనికా. తలుపు దగ్గరికెయ్యి, మీ అమ్మ వింటె మల్ల బీపీ అంటది నాకు. ఫోను పెట్టినవా? పెట్టుకో పెట్టుకో. రేపు అందరి ముంగట చెప్పాల్నా వద్దా అని సస్తున్న. నీకు చెప్తెనన్న నోరు జర అలవాటైతదేమో.

రేపు పది గంటలకు డాక్టరుగారి ఇంటికి బండ్ల ఆఫీసు సారు వస్తుండు, ఆ పచ్చ కారును చూస్తందుకు. నువ్వు చూసినవు గద, ఇంటి ఎనక షెడ్డుల ఉంటది, విలాయతి బండి, చిన్న పిల్ల బుగ్గలు ఉబ్బిచ్చినట్టు ఉంటది ముంగట. ఇప్పుడది సుభద్రమ్మది. డాక్టరుగారి బిడ్డ. ఆమెకు అరవై దాటినయి, మనుమలున్నరు, నేనైతె ఇప్పటికి పాపగారనే పిలుస్త.

కిరికిరి ఏందంటె, ఇంజను ఎనక ఒక చిన్న రేకుంటది. దాని మీద బండి నంబరు, తయారైన సాలు కొట్టి ఉంటయి. రిజిస్ట్రేషన్ బుక్కుల ఇంకో సాలుంది. రెండిటి నడుమ మూడేండ్ల తేడ. కాయితాలు కొత్తగ చేపిద్దామని పాపగారు పోతె సారు పట్టుకున్నడు. "ఈ మూడేండ్లు బండి యాడుంది? వేరే బండి రేకు తెచ్చి దీనికి కొట్టిండ్రేమో, నాకేం ఎర్క? కాయితం చూపెట్టుండ్రి, లేకుంటె తుక్కుకే" అన్నడట. ఆయన తప్పేం లేదు. గట్ల రేకులు మార్చినోళ్ళను నేను సుత చూసిన. బండి ఓడల వచ్చిన కాయితాలేమో చెదలు తిన్నయి. డాక్టరుగారు పోయి ఎన్నేండ్లాయె. "రాజయ్యగారూ, మీరొచ్చి చెప్పండి, మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు" అని పాపగారు ఫోన్ చేసింది.

నాకు తప్ప ఎవలకు తెల్వదు. అగో, గదే నా భయం.

ఎన్కట విలాయతి బండ్లన్ని గంతే బిడ్డా. మనకాడ పిల్ల పుట్టినంక ఇరవై ఒక్క దినానికి తొట్టెల్లేసి పేరు పెడ్తం గద. ఆ బండ్లకు పుట్టుడు ఒక దేశంల, పేరు పెట్టుడు ఇంకో దేశంల. నడుమ ఎన్ని దినాలైతయో దేవునికి తెల్సు. డాక్టరుగారు విలాయత్‌ల సదువుకొని వచ్చేటప్పుడు కొన్నడు. ఆయన ముందుగాల వచ్చిండు, బండి ఎనక ఓడల వచ్చింది. వచ్చి బొంబాయిల ఏడాది దాక ఆగింది. ఆ పర్మిషన్ లేదు, ఈ పర్మిషన్ లేదు. రైలు మీద హైదరాబాద్ వచ్చేవరకు ఆషాఢం. ఆషాఢంల కొత్త బండి బయటికి తీస్తరా ఎవలన్న? అది దాటంగనె మూఢం అన్నడు వాళ్ళ పంతులు. పెద్దమ్మగారు, అంటె డాక్టరుగారి అమ్మ, మస్తు పట్టింపు మనిషి. కోస్తా వాళ్ళు గద. "మూఢంలో చక్రం కదిలితే ఊరుకోను" అన్నది. ఇగ నేను పోయి నాలుగు దిక్కుల కట్టె మొద్దులు పెట్టి బండిని పైకి లేపిన. చక్రాలు నేలకు ఆనొద్దు, టైర్లు వంగొద్దు. గురువారం గురువారం పోయి ఇంజను చాలు చేసి, చక్రాలు గాలిల తిప్పి రావాలె. గది నా డ్యూటీ.

గురువారమే ఎందుకంటె మా ఉస్తాద్ శుక్రవారం షాపు బందు పెడుతుండె. ఈడనే అమీర్‌పేటల, ఇప్పుడు కంప్యూటర్ కోచింగుల బోర్డులున్న గల్లిల ఉంటుండె మా షాపు. గురువారం పని జల్ది ఒడగొట్టి పాన పెట్టె సైకిల్ మీద పెట్టుకొని పోతుంటి నేను. ఫ్లైఓవరు లేదు, మెట్రో లేదు, పంజాగుట్ట దాక గాలి లెక్క పోతుంటి. చాయ్ పది పైసలు... కాదు, పదిహేనా? మీ అమ్మమ్మ ఉంటె ఠక్కున చెప్తుండె.

ఆ, అమ్మమ్మ. ఆడికే వస్తున్న.

మూఢం పోయింది. రిజిస్ట్రేషన్‌కు తీస్కపోదామని బండి కిందికి దించిన. బ్రేకు తొక్కుతె కాలు సీద నేల దాక పోయింది. నిలవడ్డ బండికి ముందుగాల సచ్చేది రబ్బర్లే బిడ్డా. బ్రేకు రబ్బర్లు ఎండి పెంకులైనయి. బ్రేకు లేని బండికి నంబర్ ఎవడిస్తడు? ఆ సైజు ఈడ దొరకది. డాక్టరుగారు విలాయత్‌కు చిట్టి రాసిండు, ఇంజను ఎనక రేకు మీది నంబరు సుత రాసిండు. మల్ల మొద్దుల మీదికి ఎక్కించిన. నెలలకు నెలలు గడిచినయి. గప్పుడే శాంత, మీ అమ్మమ్మ, ఆ ఇంట్ల పనికి కుదిరింది.

నవ్వకు. ఆ ఫోన్ల చూసి నవ్వుడు గిట్ల పెట్టకు.

ఏం మాట్లాడలే మేము. నిజంగ. నేను షెడ్డుల ఇంజను చాలు చేస్తె, ఆమె మజ్జిగ గిలాస తెచ్చి గోడ మీద పెట్టి పోతుండె. చేతికియ్యది, గోడ మీద పెడ్తది. ఖాళీ గిలాస నేను సుత గోడ మీదనే పెడ్తుంటి. ఒకసారి గిలాసల ఉప్పు ఎక్కువైంది. మల్ల గురువారం "ఉప్పు..." అన్న. "తెల్సు, నేను తాగి చూసిన" అన్నది. గా ఒక్క మాట మీద నెల బతికిన నేను.

పెద్దమ్మగారు అరుగు మీద కుర్చీల కూసొని గురువారం గురువారం నన్ను అడుగుతుండె. "ఏంటి రాజయ్యా, నీ ముక్క ఇంకా రాలేదా? నేను పోయేలోపు కదులుతుందా నీ కారు?" నేను నవ్వుతుంటి. ఆమెకు ఒక్కటే కోరిక. కాశీ అనలే, ఏమనలే. "రోజూ గండిపేట నీళ్ళు తాగుతున్నాను కదా, ఆ చెరువు ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూపించండిరా" అంటుండె. బస్సు ఎక్కలేదు, మోకాళ్ళు. కారొచ్చినంక తీస్కపోత అని డాక్టరుగారు మాటిచ్చిండు.

ఒక గురువారం నేను పోయేవరకు శాంత గేటు కాడ నిలబడ్డది. చేతిల గీ డబ్బ. గిదే. పొద్దుగాల పోస్టాయన ఇచ్చిండట, ఇంట్ల ఎవలు లేరట, ఆమెనే తీసుకున్నది. "నీ ముక్క వచ్చింది" అన్నది. మొదటిసారి నా చేతికిచ్చింది, గోడ మీద పెట్టలే.

నేను డబ్బ చూసిన. ఆమె నా మొకం చూసింది. ఇద్దరికి ఒక్కటే తెల్సింది. గీ రబ్బర్లు ఎక్కిస్తె బండి నడుస్తది. బండి నడుస్తె డ్రైవర్ వస్తడు. ఇగ గురువారాలు లేవు.

ఆ మాపటీలి పెద్దమ్మగారు గుడికి పోయి వచ్చి కుర్చీల కూసున్నది. "ఏంటి రాజయ్యా, వచ్చిందా?" అన్నది. శాంత మజ్జిగ గిలాస పట్టుకొని పక్కకే నిలబడ్డది. నేను... "ఇంకా రాలేదమ్మా" అన్న.

గిలాస గోడ మీద పెట్టి తల వంచుకొని లోపటికి పోయింది శాంత. ఒక్క మాటన్న అనలే. ఆమె ఒక్క మాటంటె అయిపోతుండె. అనలే. నేనంటె ఆమెకు ఇష్టమని నాకు గప్పుడు తెల్సింది. గట్ల తెల్సింది బిడ్డా మాకు. అబద్ధం మీద తెల్సింది.

ఒక్క వారం అనుకున్న. రెండు వారాలనుకున్న. ఏడు నెలలు. డబ్బ నా పాన పెట్టెల అడుగున పెట్టుకొని ఆ ఇంటికే పోయి వస్తుంటి, చూసినవా ధైర్యం! ఎవలకు అనుమానం రాలే. విలాయత్ సామాను అంటె గట్లనే ఆలస్యం అని అందరికి తెల్సు గద. మా ఉస్తాద్ సుత "ఓడ మునిగిందేమో పో" అని మజాక్ చేస్తుండె. గంతకు ముందు రెండేండ్ల చిల్లర దేవునిది, సర్కారుది. ఆ ఏడు నెలలు మాత్రం నాయి.

వానల్ల పెద్దమ్మగారికి జరం పట్టింది. ఛాతిల కఫం. డాక్టరు కొడుకే పక్కకు కూసున్నడు, అయినా మూడు దినాలు కూడ ఆగలే. నేను పోయేవరకు అరుగు మీద కుర్చి ఖాళి. కారు అట్లనే మొద్దుల మీద, చక్రాలు గాలిల.

దినాలైనంక పోయి రబ్బర్లు ఎక్కించిన. ఎంత సేపు పట్టిందో తెల్సా? అర్ధగంట. అర్ధగంట పని. డాక్టరుగారు వచ్చి నిలబడ్డడు. "ఇప్పుడొచ్చిందా రాజయ్యా" అన్నడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండు.

నేను ఖాళి డబ్బను చెత్తల ఏసిన. శాంత తీసుకున్నది. "ఇగ గురువారం రాకు. వస్తె మీ అమ్మను తోలుకొని రా" అన్నది. నెలకు మా అమ్మను తోలుకొని పోయిన. లగ్గమైంది. ఆ డబ్బల పిన్నీసులు పోసుకున్నది, ఆఖరు దాక. ఆ ముచ్చట మాత్రం మేమిద్దరం ఎన్నడు తియ్యలే. గండిపేట నీళ్ళు తాగుకుంటనే ముసలోళ్ళమైనం గాని ఆ చెరువు చూడలే. మీ అమ్మ చిన్నగున్నప్పుడు స్కూలోళ్ళు తీస్కపోతమంటె సుత "జరం వచ్చింది, పోవద్దు" అన్నది మీ అమ్మమ్మ. జరం గిరం ఏం లేకుండె.

ఇగ మొన్న ఫోన్ల పాపగారు ఏమన్నదో తెల్సా? "నాన్నగారు పోయేదాకా అదే బాధ అండీ. మా అమ్మని ఆ కారు ఎక్కించలేకపోయాను, నాదే అశ్రద్ధ అనేవారు. అందుకే ఆ కారుని తుక్కుకి పంపలేను" అన్నది. ఆయన మీద ఆయన ఏసుకొని పోయిండు బిడ్డా. నా తప్పు ఆయన మోసిండు.

చూడు, గీ చీటీ మీద డాక్టరుగారి పేరుంది, ఇల్లుంది, రేకు మీది నంబరుంది, పోస్టాఫీసు ముద్రల తారీఖుంది. సారుకు గీ డబ్బ ఒక్కటి చాలు. బండి బతుకుతది. కాని ముద్రల తారీఖుకు, బుక్కుల తారీఖుకు నడుమ ఏడు నెలలు. పాపగారు సదువుకున్నామె, లెక్క కట్టదా? "ఏడు నెలలు ఏం చేసినవ్ రాజయ్యా" అంటది. చూపెట్టకపోతె బండి పోతది. చూపెడితె... నా ఇజ్జత్ పోనీ, ఎనభై దాటినయి, ఇజ్జత్‌ను ఏం చేసుకుంట. శాంత పేరు వస్తది. ఆమె జవాబు చెప్పుకుంటందుకు లేదు గద. ఆమె ఏమంటుండెనో నాకు తెల్వది. గా ఒక్కదానికే వారం సంది నిద్ర లేదు.

ఏందీ? ఏం చూపెడ్తున్నవ్? అద్దాలియ్యి.

"చీటీ మీద ప్లాస్టిక్ అతికిచ్చి ఉంది తాతా. అంచులు మైనం కరిగిచ్చి మూసి ఉన్నయి."

ఏది... అవును. అవునే. గిది నేను చెయ్యలే. నాకు గిట్ల చేసుడు రాదు. మైనంతోని గాజుల డబ్బ మూతలు మూసేది మీ అమ్మమ్మే. చదువు రాదు ఆమెకు. గీ చీటీల ఏముందో చదవలే. అయినా... చింపెయ్యాల్నంటె ఒక్క గోరు చాలు. అరవై ఏండ్లు తడి తాకకుండ దాచింది.

ఎన్నడో అడుగుతరని ఆమెకు తెల్సు. నాకంటె ముందు తెల్సు.

జర ఆగు. కండ్లు కాదు, అద్దాలు మసక.

సరె విను. రేపు నువ్వు నీ నౌకరికి సెలవు పెట్టి నాతోని రా. మెట్రో వద్దు, ఆ మెట్లు నాతోని కాదు, ఆటో మాట్లాడు. పిన్నీసులు వేరే గిన్నెల పొయ్యి, పారెయ్యకు. డబ్బ నువ్వు పట్టుకో. మాట మాత్రం నేనే చెప్త. సారు వచ్చినంక కాదు. తొమ్మిదింటికే పోదాం. ముందుగాల పాపగారికి, తలుపేసి. డాక్టరుగారి అశ్రద్ధ కాదమ్మా, నాది, అని. తర్వాత ఆమె డబ్బ చూపెట్టుమంటె చూపెడ్త. తిడితె తిట్టించుకుంట. ఇంట్లకెల్లి పో అంటె... పోత. నాకు భయమే బిడ్డా. అయినా పోదాం.

ఆ ఫోను ఇగ బందు పెట్టు. ఆగు, ఒక్క మాట. పొద్దుమాపు టక్కుటక్కుమని ఎవలకో రాసుకుంటవు, నేను చూడలేదనుకుంటున్నవా? ఎవలో నేను అడగ. నీకు ఇష్టముంటె ఇష్టమని సీద చెప్పు. వాని ఇంటికి నేనొస్త, మీ అమ్మను తోలుకొని. మా లెక్క ఒకల బండిని ఆపి, ఒకల చెరువును ఆపి... గట్ల దొరికిన మనిషి మంచిదే బిడ్డా, మస్తు మంచిది, కాని అన్నం కాడ కూసుంటె ఆ ఖాళి కుర్చి సుత వచ్చి కూసుంటది. నీకు గట్ల వద్దు. నీ చక్రాలు నేల మీద తిరగాలె. సల్లగుండు.

పాపగారు వస్తనంటె... ఏమో, వస్తదో రాదో... బ్రేకు నేను చూస్త, కొత్త కాయితాలొచ్చినంక మెల్లగ, ఆమె, నువ్వు, నేను, గండిపేట దాక...